తలా ఓ మూత

మందు సీసా వెనక సన్న అక్షరాలతో ఏదో రాసి ఉంటుంది చూశారా, దాన్ని చివరిదాకా చదివినవాళ్ళు మీలో ఎంతమంది? చేతులెత్తండి. మొహమాటం వద్దు. లేచిన చేతులకన్నా వంగిన తలలే ఎక్కువ కనిపిస్తున్నాయి కాబట్టి, ఈ కథ మీకు చెప్పి తీరాల్సిందే.

ఒక పెద్ద అడవిలో కూడా ఎవరూ చదివేవాళ్ళు కాదు, ఒక్క నీరుకుక్క తప్ప.

ఆ అడవి మధ్యలో మనుషులు వదిలేసిపోయిన అతిథి గృహం ఒకటుంది. పైకప్పు సగం కూలిపోయింది గనక అది సభకి అన్ని విధాలా అనువైనదని తేల్చి, అడవి సభ అందులో కొలువుతీరింది. మనుషులు పోతూ పోతూ మంచాలూ కుర్చీలూ పట్టుకుపోయారు. ఒక గాజు తొట్టినీ, అందులో ఒక బంగారు చేపనీ, బీరువాలో ఒక నీలం మందు సీసానీ మాత్రం మర్చిపోయారు. సభవారు వాగులోంచి పరిగెలనే చిన్న చేపల్ని అయిదింటిని తెచ్చి ఆ తొట్టిలో వేసి, దానికి "అడవి ప్రతిష్ఠ" అని పేరు పెట్టారు.

ప్రతిష్ఠ అన్నాక రోజూ మేత వెయ్యాలి, నీళ్ళు మార్చాలి. ఆ పని సభ్యులు చెయ్యరు కదా. ప్రకటన వేశారు: "చేపలతో విశేష అనుభవం ఉన్నవారు కావలెను."

ఒక్కటే దరఖాస్తు వచ్చింది. వాగులమ్మ అనే నీరుకుక్కది.

అనుభవం ఏ రకమైనదో ఎవరూ అడగలేదు. దరఖాస్తులో ఆ గడి లేదు.

చేరిన రోజున వాగులమ్మ తొట్టి ముందు నిలబడి, "ఈ గాజు లోపలున్నవాళ్ళ జోలికి పోను. వాగులో పీతలున్నాయి, నాకవి చాలు" అని మాటిచ్చింది. బంగారు చేప పైడమ్మ గాజు దాకా వచ్చి ఆమెని ఎగాదిగా చూసింది. "మాటలకేం పిల్లా, పళ్ళు ఎన్నున్నాయో చెప్పు" అంది.

"ముప్పై ఆరు అత్తా."

"సరే. రోజూ ఒకసారి లెక్క చెబుతూ ఉండు."

అలా మొదలైంది స్నేహం. మూడేళ్ళయినా వాగులమ్మ ఉద్యోగం తాత్కాలికమే గానీ, ఆ చేపతో కబుర్లు మాత్రం ఖాయమైపోయాయి. సభ్యుల్ని తిట్టుకోవడానికి ఆమెకి అడవి మొత్తంలో ఉన్న తోడు పైడమ్మ ఒక్కతే.

ఇక్కడ ఆ సభ ఆచారం ఒకటి చెప్పాలి. దాని పేరు "తలా ఓ చెయ్యి". అక్కడ సంతకాలు చెల్లవు. ఏ పని మంజూరైనా పదకొండుమంది సభ్యులూ ఆ పనిని ఒక్కొక్కరుగా ఒక్కోసారి చెయ్యాలి. కిందటేడు ఒక నేరేడు మొక్క నాటారు. తలా ఓ బుట్టెడు మట్టి వేసేసరికి మొక్క చిగురుతో సహా సమాధి అయిపోయింది. శిలాఫలకం మాత్రం దివ్యంగా ఉంది. సభా విందులో పులుసుకి ఉప్పు మంజూరు చేశారు, తలా ఓ గుప్పెడు. "రుచి అమోఘం" అని తీర్మానించి, సాయంత్రం దాకా వాగు ఒడ్డున బారులు తీరి నీళ్ళు తాగారు.

ఒకనాడు పొద్దున్నే మేత వెయ్యబోతే, పైడమ్మ తొట్టి అడుగునున్న రాయికేసి ఒళ్ళు రుద్దుకుంటోంది.

"ఏంటత్తా, తలంటా? పండగేదైనా ఉందా?"

"దురద పిల్లా. నిన్నట్నుంచీ మేత కూడా సయించట్లేదు. తోక మీద ఏమైనా ఉందా చూడు."

వాగులమ్మ గాజుకి ముక్కు ఆనించి చూసింది. తోక మీదా, రెక్కల మీదా తెల్లటి చుక్కలు. ఉప్పు రవ్వలు చల్లినట్టున్నాయి.

"ఇలాంటి చుక్కలున్న చేపల్ని వాగులో చూశాను."

"చూసి?"

"తినకుండా వదిలేశాను."

"అయితే నాకు మంచిదేగా!"

"మంచిది కాదత్తా. అది అంటుజబ్బు. వారం తిరిగేసరికి ఆ చేపలు కనపడలేదు."

పైడమ్మ జోకు వెయ్యకుండా రాయి చాటుకి పోయింది. మూడేళ్ళలో అలా జరగడం అదే మొదటిసారి.

వాగులమ్మ బీరువా తెరిచి సీసా తీసింది. ముందువైపు నవ్వుతున్న చేప బొమ్మ. వెనక్కి తిప్పింది. "జబ్బు చేపను వేరు పాత్రలో ఉంచవలెను. పది బిందెల నీటికి ఒక మూత. అంతకు మించరాదు. వేరే ఏదీ కలపరాదు. నత్తలున్న చోట వాడరాదు. రోజు విడిచి రోజు నాలుగోవంతు నీరు మార్చి మరల వేయవలెను. చుక్కలు పోయినను పది రోజులు నిండువరకు ఆపరాదు." రెండుసార్లు చదివి, సీసా చంకలో పెట్టుకుని సభకి పరుగెత్తింది.

సభాధ్యక్షుడు అడవిదున్న భూపతిగారు నెమరు వేస్తున్నారు. ఆయన పక్కన కార్యదర్శి ముళ్ళపంది కంటకరావు. కలం కావాలంటే తన వీపులోంచే ఒక ముల్లు పీక్కునే సౌకర్యం ఉండబట్టి ఆ పదవి ఆయనకి దక్కింది. ఆ పక్కన ఆరోగ్య శాఖ చూసే ఎలుగుబంటి నరసయ్య. ఏ జబ్బు చెప్పినా తేనె రాయమంటాడు, రాశాక నాకేది తనే. కిటికీలో ఒంటికాలి మీద, కళ్ళు సగం మూసుకుని, మత్స్య సంక్షేమ సంఘం అధ్యక్షురాలు కొంగ ధవళమ్మగారు. మిగతా ఏడుగురు "అవును" అనడానికి ఉన్నారు.

"అధ్యక్షా! పైడమ్మకి తెల్లచుక్కల జబ్బు పట్టుకుంది. ఆమెని ఈ పూటే విడిగా పెట్టాలి. నా దగ్గర మట్టి బాన ఉంది, అందులో ఉంచి మందు వేస్తాను. పరిగెల్ని రోజూ కనిపెట్టి చూడాలి" అంది వాగులమ్మ.

"ఆ బాన ఎక్కడుంటుంది?" అన్నాడు కంటకరావు.

"వెనక మెట్ల కింద. నా బొరియలో."

సభ పగలబడి నవ్వింది.

"నీరుకుక్క బొరియలో చేపకి చికిత్స!" నరసయ్య పొట్ట పట్టుకున్నాడు. "సీసా మీద ఉప్పూ కారం ఎంత వెయ్యాలో కూడా రాసిందా తల్లీ?"

వాగులమ్మ మీసాలు నిక్కబొడుచుకున్నాయి. "మూడేళ్ళుగా పూటకోసారి ఆ తొట్టిలో చెయ్యి పెడుతున్నాను. తినేదాన్నయితే ఇన్నాళ్ళు ఆగేదాన్నా? చేపల సంగతి తెలిసినవాళ్ళు కావాలని అడిగింది మీరు కాదూ?"

"అనుభవం ఉండాలన్నాం. వాడమని అనలేదు" అన్నాడు కంటకరావు.

అప్పుడు ధవళమ్మగారు ఒక కన్ను తెరిచారు. చేపల మీద ఆవిడకున్న అనుభవం వాగులమ్మకేమీ తీసిపోదు. కానీ ఒళ్ళు తెల్లగా ఉండి ఒంటికాలి మీద నిలబడితే దాన్ని తపస్సు అంటారు, నల్లగా ఉండి నీళ్ళలో మునిగితే దొంగతనం అంటారు.

"పిల్ల ఆవేశపడుతోంది" అన్నారు ధవళమ్మగారు మెల్లగా. "అవి చుక్కలు కావు, ముత్యాలు. జాతి చేపలకి వయసొస్తే పడతాయి. అయిదు రోజుల్లో పక్క అడవి నుంచి బృందం వస్తోంది. 'ఉత్తమ అడవి' బిరుదు మనకిచ్చేదీ లేనిదీ ఈ తొట్టి చూసే తేలుస్తారు. ఉన్న ఒక్క బంగారు చేపనీ కుండలో దాచేస్తే ఏం చూపిస్తాం, నీళ్ళా?"

దున్నగారికి నెమరు ఆగింది. ఆయన ఆలోచించారనడానికి అదే గుర్తు. "ముత్యాలు" అన్నారు. "అవునవును" అన్నారు ఏడుగురు.

మంజూరు చెయ్యాలి కదా. పదకొండుమందీ వరసలో వచ్చి, తలా ఓసారి తొట్టి గాజు మీద టకటకమని తట్టి ముత్యాల్ని ఆమోదించారు. ఒక్కో తట్టుకీ పైడమ్మ ఉలిక్కిపడి ఆ గోడకీ ఈ గోడకీ కొట్టుకుంది.

మూడో రోజుకి పరిగెలకీ చుక్కలొచ్చాయి. వాటి ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

"మాకూ ముత్యాలు పడ్డాయి! ఇన్నాళ్ళకి మమ్మల్నీ జాతి చేపల్లో కలిపారు!" అని గంతులేసింది పెద్ద పరిగె.

"అది అంటుకున్న రోగంరా నాయనా!" అంది వాగులమ్మ.

"మా ఎదుగుదల చూసి ఏడవకు" అంది పెద్ద పరిగె.

నాలుగో రోజు పొద్దుటికి పైడమ్మ నీటి పైపైన తేలుతూ నోరు తెరిచి మూస్తోంది. ఆ ఆయాసం చూసి సభకి చెమటలు పట్టాయి. చేప గురించి కాదు, ఆ మర్నాడే బృందం వస్తోంది. హడావిడిగా మందు మంజూరు చేశారు. రేపు పొద్దున్న, బృందం వచ్చే వేళకి సరిగ్గా, ఆచారం ప్రకారం తలా ఓ మూత.

"పదకొండు మూతలా?" వాగులమ్మ సీసా ఎత్తి పట్టుకుని అరిచింది. "తొట్టిలో ఉన్నవి పది బిందెల నీళ్ళు. ఒక్క మూత చాలు. మించితే మందే విషమవుతుంది. ఇదిగో, రాసి ఉంది, చదవండి!"

"ఒక్క మూతే అయితే ఎవరు వేసినట్టు? మిగతా పదిమంది ఒప్పుకోనట్టేగా?" అన్నాడు కంటకరావు.

"అయితే ఒక్క మూతనే పదకొండు వాటాలు చేసి తలా కాస్త వెయ్యండి!"

"సభ్యుడి హోదాని పదకొండో వంతు చేస్తావా!" దున్నగారు కొమ్ములు విదిలించారు. సీసా లాక్కుని బల్ల మీద పెట్టారు. దాని నోరు మాత్రం మూయలేదు, పొద్దున్నకి సిద్ధంగా ఉంటుందని.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సభ మొత్తం కునుకు తీస్తుంది. అందులో మాత్రం ఆచారం అక్కర్లేదు, అందరూ ఒకేసారి పడుకుంటారు. వాగులమ్మ కాళ్ళ చప్పుడు కాకుండా లోపలికొచ్చింది. సీసాలోంచి ఒకే ఒక్క మూత మందు చిన్న ముంతలోకి ఒంపుకుంది. తర్వాత తొట్టి దగ్గరికెళ్ళి వంగింది.

"అత్తా, వచ్చెయ్. బానలో నీళ్ళు పొద్దుట్నుంచీ ఎండలో పెట్టాను, ఈ నీళ్ళంత వెచ్చగానే ఉన్నాయి."

"ఎలా తీసుకెళ్తావు? వల ఉందా?"

"లేదు" అంది వాగులమ్మ. "నోట్లో."

ముప్పై ఆరు పళ్ళు, రోజూ లెక్క చెప్పినవే. పైడమ్మ ఆ పళ్ళకేసి చూసింది, గురక పెడుతున్న సభకేసి చూసింది.

"వాళ్ళ నోళ్ళకన్నా నీ నోరే నయం" అని, కళ్ళకి రెప్పల్లేవు గనక మూసుకోకుండానే, ఆ నోట్లోకి ఈదుకుంటూ వచ్చింది.

పద్దెనిమిది అడుగుల దూరం. నాలుక మీద చేప కొట్టుకుంటుంటే మింగకుండా నడవడం నీరుకుక్కకి ఎంత కష్టమో, అది నీరుకుక్కలకే తెలుసు. ఆకలి పుట్టుకతో వచ్చింది. మాట తను ఇచ్చింది. మాటే గెలిచింది. పైడమ్మని క్షేమంగా బానలోకి వదిలింది.

మళ్ళీ వెళ్ళింది. తొట్టి గోడల పాచి నాకి శుభ్రం చేసే నత్త ఒకటుంది. మందు నత్తలకి పడదని రాసుంది కదా, దాన్ని తీసి వేరే ముంతలో వేసింది. పరిగెల్ని పిలిస్తే అవి రాలేదు.

"రేపు మాకు సన్మానం. ముందు వరస మాదే" అంది పెద్ద పరిగె. ఒక్కో చేపనీ బతిమాలుతుండగా దున్నగారు ఆవులించారు. వాగులమ్మ బయటికి దూకింది.

బానలో ఉన్నది ఒక్క బిందెడు నీళ్ళు. అంటే మూతలో పదో వంతు మందు. మూతని పది వాటాలు చెయ్యడం ఎలా? ముంతలోని మందులో నీళ్ళు పోసి, అంతా కలిపి సరిగ్గా పది చిప్పలయ్యేలా కొలిచి, అందులోంచి ఒక చిప్ప తీసి బానలో పోసింది. మిగిలింది మూత పెట్టి దాచింది. ఎందుకైనా మంచిదని తలుపు పక్కన ఇంకో బాన నిండా ఎండకి వెచ్చబడ్డ మంచినీళ్ళు పెట్టుకుంది.

మర్నాడు ఉత్సవం మొదలైంది. దున్నగారు మొదటి మూత. చప్పట్లు. కంటకరావు రెండోది. నరసయ్య మూడోది వేసి, "మా శాఖ తరఫున" అని అరచేతిలో ఉన్న తేనె కూడా కలిపాడు. ఆరో మూతకి నీళ్ళు నేరేడు పండు రంగుకొచ్చాయి. పదకొండో మూతకి లోపల చేపలున్నాయో లేదో కూడా కనపడలేదు. పైడమ్మ లేదన్న సంగతి అందుకే ఎవరూ గమనించలేదు. నత్త లేదన్నది నీళ్ళు తేటగా ఉన్నప్పుడే గమనించలేదనుకోండి. నత్తకి ఓటు లేదు.

"రోగం కంటికి కనిపించడం మానేసింది" అని ప్రకటించాడు కంటకరావు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి పక్క అడవి బృందం వచ్చింది. ముందు వాళ్ళ పెద్ద, ముసలి కణుజు లేడి సింగారమ్మ. ఆవిడ లోపల కాలు పెట్టేసరికి తొట్టిలోంచి ఒక పరిగె ఎగిరి బండ మీద పడింది. దాని వెనకే ఇంకోటి. ఆ నీళ్ళలో ఊపిరాడక ఒకదాని మీద ఒకటి పైకి దూకుతున్నాయి.

వాగులమ్మ ఒక్క దూకు దూకింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అందినవాటిని అందినట్టే నోట కరుచుకుంది.

"తింటోంది! బృందం ముందే తింటోంది!" అని సభ హాహాకారాలు చేసింది.

"నువ్వేమంటావు?" అన్నాడు కంటకరావు ముల్లు పీక్కుంటూ.

నోటినిండా చేపలున్నదాన్ని ఏమనమంటారు? ఆమె తలుపు పక్క బాన దగ్గరికి పరుగెత్తింది. కంటకరావు రాసుకున్నాడు: "నిందితురాలు మౌనం వహించి పారిపోయెను."

అందరూ ఆమె వెనక పడ్డారు. ధవళమ్మగారు తప్ప. "పాపం, లోపల ఇంకొకటి మిగిలినట్టుంది. నేను చూసుకుంటాను" అన్నారావిడ. జీవితంలో ఒక్కసారి నిజమే చెప్పారు.

తలుపు దగ్గర సింగారమ్మ అందరికీ అడ్డం నిలబడింది. "ఉండండయ్యా. అరిచేముందు ఆ బానలోకి ఒకసారి తొంగి చూశారా?"

చూస్తే నాలుగు పరిగెలు. ఒళ్ళంతా నీలం, కానీ ఊపిరి తీస్తున్నాయి.

"మరి బంగారు చేప ఏది?" అని గర్జించారు దున్నగారు, తొట్టిలో అది లేదని అప్పుడే తట్టి.

వాగులమ్మ మెట్ల కింద నుంచి రెండో బానని దొర్లించకుండా, తొణక్కుండా, ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. పైడమ్మ చుక్కలతోనే ఉంది. కానీ అడుగున నిమ్మళంగా ఈదుతోంది.

"ఆరింటికి అయిదే ఉన్నాయి!" కంటకరావు ముల్లు ఝుళిపించాడు. "ఒక పరిగె లేదు. వాగులమ్మా, నోరు తెరువు!"

తెరిచింది. నోరంతా నీలం.

"రుజువైపోయింది!"

"అయ్యా ముళ్ళదొరా," అంది పైడమ్మ బానలోంచి, "నీలం నోరే రుజువైతే, కాస్త కిటికీ వైపు కూడా చూడండి."

కిటికీలో ధవళమ్మగారు. ముక్కు మొదలు నుంచి కొస దాకా నీలం. మెడలో ఒక ముడి మెల్లగా కిందికి జారుతోంది.

"అది... చనిపోయింది. సంఘం తరఫున అంత్యక్రియలు చేశాను" అన్నారావిడ.

"ఎక్కడ?" అంది సింగారమ్మ.

ధవళమ్మగారు జవాబు చెప్పబోయి వెక్కారు. నీలం చుక్కలు ఎగిరిపడ్డాయి. మళ్ళీ వెక్కారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి రెండో కాలు కూడా కింద పెట్టి, పొట్ట పట్టుకుని కూలబడ్డారు. పదకొండు మూతల మందు ఆ చిన్న పరిగెలోంచి ఆవిడలోకి చేరింది మరి.

"అయ్యో, అధ్యక్షురాలికి వైద్యం!" నరసయ్య లేచాడు. "అత్యవసరంగా మంజూరు! వరసలో రండి, తలా ఓ మూత!"

పదిమందీ చకచకా వరస కట్టారు. ఒకరి చేతిలో తేనె, ఒకరి చేతిలో వేపరసం, ఒకరి చేతిలో ఏమిటో వాళ్ళకే తెలీదు, దున్నగారి చేతిలో అదే నీలం సీసా. ఆ వరసని చూసి ధవళమ్మగారికి కళ్ళు రెండూ పూర్తిగా తెరుచుకున్నాయి.

"వద్దు! తలా ఓ మూత వద్దు! వాగులమ్మా, నా తల్లీ, నన్ను విడిగా పెట్టవే!"

అడవి అంతా వాగులమ్మకేసి చూసింది. ఆమె కొంగకేసి చూసింది, వరసకేసి చూసింది. దున్నగారి చేతిలోంచి సీసా తీసుకుని మూత బిగించింది.

"పెద్దలంతా ఒక్క నిమిషం పక్క గదిలోకి దయచేస్తారా? బిరుదు గురించి బృందం ఏదో చెప్పాలంటోంది" అంది.

బిరుదు అనగానే పదిమందీ ఒకర్నొకరు తోసుకుంటూ పక్క గదిలోకి దూరారు. సింగారమ్మ వెనక నుంచి టేకు తలుపు దగ్గరికి వేసింది. తర్వాత వాగులమ్మ కొంగని నీడలో పడుకోబెట్టి, గుక్క గుక్కగా మంచినీళ్ళు పట్టించింది. కొంగ బతికింది. కానీ ముక్కుకంటిన నీలం మాత్రం మళ్ళీ వదల్లేదు, ఆవిడ ఏ వాగు ఒడ్డున తపస్సు చేసినా చేపలు దూరం నుంచే గుర్తుపట్టేస్తున్నాయి.

పైడమ్మకి ఆరో రోజుకే చుక్కలు పోయాయి. "ఇక చాలు పిల్లా" అంది. "వెనక పది రోజులని రాసుందత్తా" అని వాగులమ్మ పదో రోజు దాకా కొలిచి కొలిచి వేసింది. పరిగెలు మాత్రం ముత్యాలు పోయాయని రెండు రోజులు అలిగాయి.

మరి సభ? ఇంకా ఆ గదిలోనే ఉంది. తలుపుకి గొళ్ళెం కూడా వెయ్యలేదు. లోపలికి లాగితే తెరుచుకునే తలుపది, దాని మీద మనుషులు పెద్ద అక్షరాలతో "లాగుము" అని రాసిపెట్టారు. లోపల పదిమందీ ఆచారం ప్రకారం వరసలో నిలబడి, తలా ఓసారి తోస్తున్నారు.

నీతి: అంటురోగం వచ్చినప్పుడు ముందు విడిగా పెట్టాల్సింది రోగిని కాదు, కమిటీని.

ఇక లేవండి. మీ తొట్టి పక్కనున్న ఆ సీసాని ఇవాళే వెనక్కి తిప్పి చివరి అక్షరం దాకా చదవండి, చెప్పినంతే కొలిచి వెయ్యండి. ఎవరైనా "నాదీ ఓ మూత" అంటూ వస్తే, పక్క గది చూపించండి.